మెల్లకన్ను ఆపరేషన్‌కు ముందు ఆర్థాప్టిస్ట్ పరీక్ష ఎందుకు?

దేవరకొండ నుంచి ఒక తండ్రి రెండు సంగతులు అడిగారు. మొదటిది ఆయన అయిదేళ్ల కూతురి గురించి. మూడో ఏట నుంచి పాప కుడికన్ను ముక్కు వైపు తిరుగుతోంది. నల్లగొండలో కంటి డాక్టరు చుక్కల మందు వేసి పరీక్షించి, ప్లస్ పవరు అద్దాలు రాసి, హైదరాబాదులో రెండు కళ్ల పొందికను కొలిచే ఆర్థాప్టిస్ట్ దగ్గర కొలతలు తీయించుకుని రమ్మన్నారు. ఆర్థాప్టిస్ట్ ఆపరేషన్ చేసే డాక్టరు కానప్పుడు అంత దూరం వెళ్లడం ఎందుకు, నేరుగా ఆపరేషన్ చేయిస్తే సరిపోదా అన్నది ఆయన సందేహం. రెండోది ఆయన తండ్రి గురించి. చాలా ఏళ్లుగా షుగరు ఉన్న ఆ పెద్దాయనకు పది రోజులుగా ఒకే వస్తువు రెండుగా కనిపిస్తోంది, అద్దాలు మార్చినా తేడా లేదు.

మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు నుంచి వచ్చే పిల్లలకు, పెద్దలకు చాలా ఏళ్లుగా ఈ పరీక్షలే చేస్తున్నాను కనుక కొంచెం వివరంగా రాస్తాను. అయితే పెద్దాయన విషయంలో ఒక మాట ముందే చెప్పాలి. రెండుగా కనిపించడంతో పాటు ఒక కనురెప్ప వాలిపోవడం, ఒక కంటిపాప రెండోదాని కంటే పెద్దదిగా ఉండటం, తీవ్రమైన తలనొప్పి, మాట తడబడటం, కాలూ చేయీ బలహీనపడటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కంటి ఆసుపత్రి కోసం వెతకకుండా న్యూరాలజీ విభాగం ఉన్న పెద్దాసుపత్రికి ఈ రోజే తీసుకెళ్లండి. మెదడులో రక్తనాళం ఉబ్బి కంటి నరాన్ని నొక్కుతున్నప్పుడు కూడా ఇలాంటి గుర్తులే కనిపిస్తాయి, అక్కడ గంటలు కూడా లెక్కకు వస్తాయి. అవేవీ లేకపోయినా ఈ వారం దాటనివ్వకండి. మిగతా వివరం చివర రాస్తాను.

ఇప్పుడు పాప విషయం. ఒక్కో కంటిని తిప్పడానికి ఆరు కండరాలు ఉంటాయి, వాటిని మెదడు నుంచి వచ్చే మూడు నరాలు నడిపిస్తాయి. రెండు కళ్ల నుంచి వచ్చే రెండు బొమ్మలను మెదడు ఒకటిగా కలుపుకున్నప్పుడే మనకు లోతు, దూరం సరిగ్గా తెలుస్తాయి. కాడికి కట్టిన జోడెడ్లలో ఒకటి పక్కకు లాగితే సాలు వంకరపోయినట్టే, ఒక కన్ను దారి తప్పినప్పుడు రెండోది ఎంత బాగున్నా చూపు కలవదు. కంటి లోపలి జబ్బులను కంటి డాక్టరు చూస్తారు. అద్దాల పవరును ఆప్టోమెట్రిస్ట్ తేలుస్తారు. ఈ రెండు కళ్ల పొందిక ఎక్కడ చెడింది, ఎంత చెడింది, మెదడు దానికి ఎలా సర్దుకుంది అన్నది తేల్చడమే ఆర్థాప్టిస్ట్ పని. ఆపరేషన్ చేయాలా వద్దా అన్న నిర్ణయం డాక్టరుదే, కానీ ఆ నిర్ణయానికి ఆధారం ఈ కొలతలు.

ఈ వృత్తి 1920ల నాటికి బ్రిటన్‌లో రూపు కట్టింది. తొలి ఆర్థాప్టిస్ట్‌గా పేరు పొందిన మేరీ మాడాక్స్, కంటి డాక్టరు ఎర్నెస్ట్ మాడాక్స్ కూతురు. ఆయన పేరు మీద ఉన్న ఎర్ర గీతల గాజును మేము నేటికీ పరీక్షల్లో వాడుతున్నాం. బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో దీనికి ప్రత్యేక డిగ్రీ చదువు ఉంది. మన దగ్గర ఆ పేరుతో విడిగా ఉద్యోగాలు చాలా తక్కువ. ఈ పనిని ఎక్కువ చోట్ల ప్రత్యేక శిక్షణ పొందిన ఆప్టోమెట్రిస్టులే చేస్తారు. అందుకే మీరు ఆసుపత్రికి వెళ్లినప్పుడు తలుపు మీద ‘ఆర్థాప్టిస్ట్’ అన్న బోర్డు కోసం వెతకకండి. పిల్లల కంటి విభాగం లేదా స్క్వింట్ క్లినిక్ ఎక్కడని అడగండి.

అక్కడ పాపకు ఏం చేస్తారో ముందే తెలిస్తే మీకూ భయం ఉండదు, పాపకూ నచ్చజెప్పవచ్చు. సూదులు లేవు, నొప్పి లేదు. మొదట ఒక్కో కంటి చూపును విడివిడిగా చూస్తారు. అక్షరాలు రాని పిల్లలకు ఇల్లు, ఆపిల్, గుండ్రం, చదరం బొమ్మలున్న చార్టు వాడతారు, చేతిలో ఉన్న కార్డు మీద అదే బొమ్మను పాప వేలితో చూపిస్తే చాలు. రెండో కంటిని అరచేత్తో మూయనివ్వరు, ఎందుకంటే పిల్లలు వేళ్ల సందుల్లోంచి చూడటంలో నేర్పరులు. జిగురు పట్టీ వేసి మూస్తారు. మంచి కంటిని మూసినప్పుడు పాప ఏడ్చి పట్టీ లాగేస్తే, రెండో కంటిని మూసినప్పుడు మాత్రం ఊరుకుంటే, ఆ తేడా కూడా మాకు ఒక సమాధానమే.

తరువాత చేసేది కవర్ టెస్ట్. చూడటానికి ఇది ఏమీ లేనట్టే ఉంటుంది. పాప ఒక బొమ్మను చూస్తుంటే నల్లటి చిన్న పలకతో ఒక కంటిని మూసి, తెరిచి, రెండో కన్ను కదిలిందా లేదా అని గమనిస్తారు. దగ్గరగా 33 సెంటీమీటర్ల దూరంలో ఒకసారి, దూరంగా ఆరు మీటర్ల దగ్గర ఒకసారి చేస్తారు. అద్దాలతోనూ, అద్దాలు లేకుండానూ చేస్తారు. పక్కకు తిరిగి ఉన్న కన్ను బొమ్మ మీదికి రావడానికి ఎంత కదలాలో తెలుసుకోవడానికి దాని ముందు ప్రిజం గాజులు ఒక్కొక్కటిగా పెంచుతూ పెడతారు. కదలిక ఆగిన చోట ఉన్న ప్రిజం అంకెయే మెల్ల కొలత. ఒక ప్రిజం డయాప్టర్ అంటే మీటరు దూరంలో వెలుగును ఒక సెంటీమీటరు పక్కకు మళ్లించేంత బలం. కన్ను ఎంత తిరిగిందో కంటితో చూసి చెప్పడానికీ, ఇలా కొలిచి చెప్పడానికీ మధ్య ఉన్న తేడా ఆపరేషన్ బల్ల మీద మిల్లీమీటర్ల తేడా అవుతుంది.

ఆ తరువాత రెండు కళ్లూ కలిసి పనిచేస్తున్నాయా అని చూస్తారు. ఒక కంటికి ఎర్ర గాజు, రెండో కంటికి పచ్చ గాజు ఉన్న అద్దాలు పెట్టి నాలుగు దీపాలు చూపిస్తారు. నాలుగు కనిపిస్తే రెండు కళ్లూ కలిసి చూస్తున్నట్టు. రెండో మూడో మాత్రమే కనిపిస్తే మెదడు ఒక కంటి బొమ్మను పక్కన పెట్టేసినట్టు. అయిదు కనిపిస్తే రెండు బొమ్మలూ విడివిడిగా ఉన్నట్టు. లోతు చూపును పరీక్షించడానికి పెద్ద ఈగ బొమ్మ ఒకటి ఉంటుంది. పోలరాయిడ్ అద్దాలతో చూసినప్పుడు దాని రెక్కలు పుస్తకంలోంచి పైకి లేచినట్టు కనిపిస్తాయి, వాటిని పట్టుకోమంటే లోతు తెలిసిన పిల్లలు గాలిలోనే పట్టుకోబోతారు, తెలియని పిల్లలు కాగితం మీద వేలు పెడతారు. కొందరు పిల్లలు ఈగను చూసి భయపడి చేయి వెనక్కి తీసుకుంటారు, అదీ మంచి ఫలితమే.

మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది ప్లస్ పవరు సంగతి. రెండు, మూడు ఏళ్ల వయసులో మొదలై ముక్కు వైపు తిరిగే మెల్లకు చాలామంది పిల్లల్లో కారణం ఎక్కువ ప్లస్ పవరే. అలాంటి కన్ను స్పష్టంగా చూడాలంటే లోపలి కండరాన్ని బాగా బిగించాలి, అలా బిగించినప్పుడల్లా రెండు కళ్లూ సహజంగానే లోపలికి లాగబడతాయి. అద్దాలు ఆ బిగింపును తాము తీసుకుంటే కన్ను దానంతట అదే నిటారుగా నిలబడవచ్చు. అందుకే ఆర్థాప్టిస్ట్ అద్దాలతో ఎంత, అద్దాలు లేకుండా ఎంత అని రెండు అంకెలు రాస్తారు. ఒక ఉదాహరణ చెప్తాను. అద్దాలు లేకుండా 40 ప్రిజం డయాప్టర్లు ఉన్న మెల్ల అద్దాలతో 8కి దిగిందనుకోండి. ఆ పాపకు అద్దాలే వైద్యం, ఆపరేషన్ అక్కర్లేకపోవచ్చు. అదే 40, అద్దాలు కొన్ని నెలలు క్రమంగా పెట్టుకున్నాక కూడా 30 దగ్గరే ఆగిపోతే, మిగిలిన ఆ 30కి ఆపరేషన్ ఆలోచిస్తారు. మొదటి పాపకు కొలతలు లేకుండా తొందరపడి 40కి ఆపరేషన్ చేస్తే, తరువాత అద్దాలు పెట్టగానే కన్ను బయటి వైపు తిరిగిపోయే ప్రమాదం ఉంది. దూరంలో నిటారుగా ఉండి, పుస్తకం దగ్గర మాత్రమే కన్ను తిరిగే పిల్లలు కూడా ఉంటారు. వాళ్లకు కింద అదనపు పవరు ఉన్న బైఫోకల్ అద్దాలు రాస్తారు. ఇవన్నీ కంటితో చూసి చెప్పగలిగేవి కావు.

కాబట్టి హైదరాబాదు వెళ్లే లోపు మీరు చేయవలసిన పని ఒకటే. పాప ఉదయం లేచినప్పటి నుంచి పడుకునే వరకు ఆ అద్దాలు పెట్టుకోవాలి. బడిలో మాత్రమే పెట్టుకుని ఇంటికి రాగానే తీసేస్తే కొలతకు విలువ ఉండదు. అద్దాలు తీయగానే కన్ను మునుపటి కంటే ఎక్కువ తిరిగినట్టు కనిపిస్తే అద్దాల వల్ల చెడిపోయిందని ఇంట్లో అనవచ్చు. అది చెడిపోవడం కాదు, అద్దాల కింద దాగిన మెల్ల బయటపడటం మాత్రమే. తరువాతి పరీక్షకు ముందు, చుక్కలకు బదులు ఇంట్లో వేయమని ఆట్రోపిన్ ఆయింట్‌మెంట్ ఇస్తే మాత్రం జాగ్రత్తగా ఉండండి. వేశాక పాప ముఖం ఎర్రబడి, ఒళ్లు కాలి, నోరు ఎండిపోతే మందు ఆపి డాక్టరుకు ఫోను చేయాలి. కంటిపాప పెద్దదై ఎండ చూడలేకపోవడం, దగ్గరవి మసకగా కనిపించడం మాత్రం మామూలే, ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది.

పాప విషయంలోనే ఇంకో సంగతి మందదృష్టి, చాలామంది లేజీ ఐ అంటారు. తిరిగిన కంటి నుంచి వచ్చే బొమ్మను మెదడు పట్టించుకోవడం మానేస్తే, కంటిలో ఏ జబ్బూ లేకపోయినా ఆ కంటి చూపు పెరగదు. ఆపరేషన్‌తో కన్ను నిటారుగా అవుతుంది, కానీ ఈ చూపు తిరిగి రాదు. దానికి వేరే వైద్యం ఉంది, దానికి గడువూ ఉంది. ఏడేళ్ల లోపు పిల్లల్లో ఫలితం బాగుంటుంది, ఆ తరువాత తగ్గుతూ పోతుంది. మీ పాపకు అయిదేళ్లే కనుక సమయం ఉంది, కానీ వచ్చే ఎండాకాలం సెలవుల దాకా వాయిదా వేసేంత సమయం లేదు.

వైద్యంలో మొదటి మెట్టు అద్దాలే, కొంతమంది పిల్లల్లో అద్దాలతోనే చూపు సమానమవుతుంది. అప్పటికీ తేడా మిగిలితే మంచి కంటిని రోజులో కొంతసేపు మూస్తారు. ఎంతసేపు అన్న దానిపై అమెరికాలో పిల్లల కంటి డాక్టర్ల బృందం చేసిన పరిశోధన 2003లో వెలువడింది. మధ్యస్థంగా ఉన్న మందదృష్టిలో రోజుకు రెండు గంటలు మూసినా, ఆరు గంటలు మూసినా ఫలితం దాదాపు ఒకటేనని అది చూపింది. అందువల్ల గంటలు ఎక్కువైతే మేలు ఎక్కువ అనుకుని మీ అంతట మీరు పెంచకండి. అతిగా మూస్తే మంచి కంటి చూపే తగ్గవచ్చు. చెప్పిన తేదీకి మళ్లీ రమ్మనేది అందుకే, రెండు కళ్ల చూపునూ కొలిచి గంటలను తగ్గించాలో పెంచాలో ఆర్థాప్టిస్ట్ నిర్ణయిస్తారు. పట్టీని అద్దాల మీద కాక చర్మానికి అంటించాలి, లేకపోతే పాప అద్దం పక్క నుంచి చూస్తుంది. మూయవలసింది బలహీనమైన కన్ను కాదు, బాగా కనిపించే కన్ను. ఇది చదవడానికి వింతగా ఉన్నా, వంకర కన్నే జబ్బు కన్ను అనుకుని దాన్నే మూసి ఆరు నెలలు పోగొట్టుకున్న కుటుంబాలను చూశాను.

ఇంట్లో పెద్దవాళ్లు మెల్లకన్ను అదృష్టమని అనడం, పెరిగితే అదే పోతుందని చెప్పడం మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. రెండో మాటకు కొంత ఆధారం ఉంది. పుట్టిన కొత్తలో మూడు నాలుగు నెలల వరకు కళ్లు అప్పుడప్పుడు పక్కకు పోవచ్చు, అది సర్దుకుంటుంది. ముక్కు దూలం వెడల్పుగా ఉన్న పసిపిల్లల్లో కన్ను లోపలికి తిరిగినట్టు అనిపించి, ముఖం పెరిగే కొద్దీ ఆ భ్రమ పోతుంది. నిజమైన మెల్ల అలా పోదు. నల్లగొండలో ప్రతి జబ్బుకూ ఫ్లోరైడ్ నీళ్లను తప్పుపట్టడం కూడా మనకు అలవాటే. ఫ్లోరైడ్ పళ్లను, ఎముకలను పట్టే సమస్య, మీ పాప మెల్లకు దాన్ని కారణంగా వెతకనక్కర్లేదు. ఇంట్లో మరెవరికైనా మెల్ల గానీ చిన్నప్పటి నుంచి ఎక్కువ పవరు గానీ ఉందా అన్నది మాత్రం తప్పక గుర్తు చేసుకుని చెప్పండి. ఉంటే పాప చెల్లెళ్లు, తమ్ముళ్లను కూడా ఒకసారి చూపించాలి. ఫొటోలో గానీ, దీపం వెలుగులో గానీ ఏ పిల్లల కంటిపాపైనా తెల్లగా మెరిస్తే అది వేరే సంగతి, కంటి లోపల కణితి కావచ్చు కనుక ఆ రోజే చూపించాలి. మీ పాపకు నల్లగొండ డాక్టరు చుక్కలు వేసి లోపల చూశారు కాబట్టి ఆ భయం పెట్టుకోకండి.

ఇక్కడ ఒక పక్క మాట. తెలంగాణ ప్రభుత్వ కంటి వెలుగు పథకం 2018 ఆగస్టు 15న మొదలై, 2023 జనవరిలో రెండో విడత జరిగినప్పుడు మన జిల్లాల్లో చాలామందికి అద్దాలు అందాయి, అది మంచి పనే. కానీ శిబిరంలో జరిగే పరీక్షతో రెండు కళ్ల పొందిక తేలదు. రెండు కళ్లూ తెరిచి చార్టు చదివించే బడి పరీక్షలో, ఒక కంటికి మాత్రమే పవరున్న పిల్లలు రెండో కంటితో గడగడా చదివేసి తప్పించుకుంటారు. వాళ్లలో మెల్ల కూడా బయటికి కనిపించదు. టీచర్లు ఒక్కో కంటిని మూసి చూడటం, ఎండలోకి రాగానే ఒక కన్ను మూసుకునే పిల్లలను, తలను ఎప్పుడూ ఒక భుజం వైపు వంచి చూసే పిల్లలను గమనించి చెప్పడం ఖర్చు లేని మేలు. తల వంపును మెడ జబ్బనుకుని ఎముకల డాక్టర్ల చుట్టూ తిరిగాక, అసలు కారణం కంటిని కిందికి తిప్పే కండరపు నరంలో ఉందని తేలిన పిల్లలు కొద్దిమంది కాదు.

వెళ్లేటప్పుడు నల్లగొండ చీటీలన్నీ, పాత అద్దాలు, రెండు మూడేళ్ల నాటి ఫొటోలు తీసుకెళ్లండి. కన్ను ఎప్పటి నుంచి తిరిగిందో ఫొటోలు మాటల కంటే బాగా చెప్తాయి. మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వానిది. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో మెల్లకన్ను విభాగం ఉంది, డబ్బు కట్టలేని వారికి ఉచిత సేవ కూడా ఉంది. ఇబ్రహీంపట్నం మీదుగా పొద్దున బస్సుకు వెళ్తే మంచిది, పాప నిద్రమత్తులో, అలసి, ఆకలితో ఉన్నప్పుడు తీసిన కొలత నమ్మదగింది కాదు. తినిపించి తీసుకెళ్లండి. ఆసుపత్రి నుంచి బయలుదేరేటప్పుడు కొలతల కాగితం ప్రతిని అడిగి తీసుకోండి, తరువాతి పరీక్షలు నల్లగొండలోనే జరిగినా పాత అంకెతో పోల్చడానికి అది కావాలి. యూట్యూబులో చూపించే కంటి వ్యాయామాలు మాత్రం ఈ పాపకు చేయించకండి. దగ్గరి చదువులో కళ్లు కలవక తలనొప్పి వచ్చే పెద్ద పిల్లలకు వ్యాయామం పనిచేస్తుంది, లోపలికి తిరిగే మెల్లకు అది మందు కాదు.

ఇక పెద్దాయన సంగతి. ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. ఒక కంటిని మూస్తే రెండు బొమ్మలూ ఒకటవుతున్నాయా? ఏ కంటిని మూసినా ఒకటే కనిపిస్తే కళ్ల పొందిక చెడినట్టు, అంటే ఆర్థాప్టిస్ట్ చూడవలసిన విషయం. ఒక కన్ను మూసినా ఇంకా రెండుగా కనిపిస్తే శుక్లం, పవరు వంటి ఆ కంటి సమస్యే కావచ్చు. బొమ్మలు పక్కపక్కన ఉండి, దూరం చూసినప్పుడు, ఒక పక్కకు చూసినప్పుడు ఎక్కువగా విడిపోతే, కంటిని బయటికి తిప్పే ఆరో నరం మీద అనుమానం వస్తుంది. షుగరు, బీపీ ఉన్నవారిలో ఆ నరానికి రక్తం అందించే సన్నని నాళాలు మూసుకుని ఇలా అవుతుంది, చాలామందిలో సుమారు మూడు నెలల్లో దానంతట అదే కోలుకుంటుంది. బొమ్మలు ఒకదాని మీద ఒకటి ఉండి, మెట్లు దిగేటప్పుడు, పేపరు చదివేటప్పుడు ఇబ్బంది ఎక్కువైతే కంటిని కిందికి తిప్పే నాలుగో నరం గుర్తుకు వస్తుంది. విజయవాడ రోడ్డు మీద, బెంగళూరు రోడ్డు మీద బండి ప్రమాదాల్లో తలకు దెబ్బ తగిలినవారిలో ఇది మేము తరచూ చూసేదే. పొద్దున బాగుండి సాయంత్రానికి రెప్ప వాలి రెండుగా కనిపించడం ఇంకో జబ్బు, దానికి రక్తపరీక్షలు ఉన్నాయి. థైరాయిడ్ కూడా కంటి కండరాలను పట్టవచ్చు.

ఆర్థాప్టిస్ట్ హెస్ చార్టు మీద ఏ కండరం ఎంత తగ్గిందో గీసి, అది ఏ నరం దారిలో ఉందో తేలుస్తారు. కొన్ని వారాలకు ఒకసారి మళ్లీ గీసి పోల్చుతారు. గీత మెరుగవుతుంటే ఆగడమే వైద్యం. మెరుగు కాకపోతే, లేదా ఇంకో నరం కూడా చేరితే, డాక్టరు మెదడు స్కానింగు రాస్తారు. ఈ లోపు రెండు బొమ్మలను కలపడానికి అద్దాల మీద అంటించే పల్చటి ప్రిజం రేకు ఉంది, అది కుదరకపోతే ఒక అద్దానికి మసక టేపు అంటిస్తే తల తిరగడం తగ్గుతుంది. కొలత కనీసం ఆరు నెలలు కదలకుండా నిలిచిన తరువాతే కండరపు ఆపరేషన్ మాట వస్తుంది, అంతకంటే ముందు చేస్తే మారుతున్న కొలతను వెంటాడినట్టే. షుగరు, బీపీ లెక్కలు రాసుకుని చీటీతో పాటు తీసుకెళ్లండి, రెండుగా కనిపించడం పోయే దాకా ఆయనను బండి నడపనివ్వకండి, పొలం గట్టు మీద ఒంటరిగా పంపకండి.